లస్కరు నతానియేలు ఊళ్ల పేర్ల పుస్తకం

కోనసీమ కాలవ మీద ఆ లాకుల్లోంచి పడవలు నడిపేవాళ్లందరికీ నతానియేలు తెలుసు. పడవ వచ్చి రెండు తలుపుల మధ్యా చేరేక, నీళ్లు పైమట్టానికి ఎక్కేదాకా ఆగాలి. ఆ పావుగంటా పడవవాళ్లు చుట్ట ముట్టించుకుని కూచుంటే, గట్టు మీంచి నతానియేలు ఒంగి పలకరించేవాడు. కొబ్బరికాయల ధర అడిగేవాడు కాదు, ఎండుగడ్డి ఎక్కడికని అడిగేవాడు కాదు. మీ ఊరికా పేరెందుకొచ్చిందని అడిగేవాడు. జొన్నాడ వాళ్లు ఒకప్పుడు జొన్నచేలుండేవేమోనండీ అనేవారు. ఓడలరేవు వాళ్లు నవ్వేవారు. ఓడలాగే రేవుకి ఓడలరేవనక ఇంకేమంటారండీ అనేవారు. నతానియేలుకి ఆ జవాబే అన్నిటికంటే నచ్చేది. "ఆయ్, అంతేనండి. అక్కడ వాళ్లూ అంతేనండి" అనేవాడు. అక్కడ వాళ్లంటే ఎవరో కొత్తవాళ్లకి తెలిసేది కాదు. పాతవాళ్లకి తెలుసు. అక్కడంటే బైబిల్లో ఊళ్లు.

నతానియేలు పుట్టింది గోదావరి మధ్యలో ఉన్న చింతల్లంకలో. అమ్మా నాన్నా రైతుల చేలల్లో కూలికెళ్లేవాళ్లు. తాతల నాడే కిరస్తానంలో కలిసిన కుటుంబం. మిషను బళ్లో ఐదో తరగతి దాకా చదివి, ఆ పైన చదవడానికి ఏరు దాటాల్సి వచ్చి ఆగిపోయేడు. పాతికేళ్ల వయసులో కాలవల డిపార్టుమెంటులో లస్కరు పని దొరికింది. చక్రం తిప్పి లాకు తలుపులు తెరవడం, మూయడం, పొద్దున్నా సాయంత్రం నీటిమట్టం కొలిచి రిజిస్టర్లో రాయడం, గట్టు ఎక్కడైనా ఊటేస్తే కబురు పంపడం. పని బరువైందే కానీ పడవకీ పడవకీ మధ్య తీరిక దొరికేది. ఆ తీరికలో బైబిలు చదివేవాడు.

డెబ్బై ఒకటి వేసవిలో, కాలవలు కట్టేసి లాకుల దగ్గర చుక్క నీరు లేని రోజుల్లో, అతని జీవితం మలుపు తిరిగింది. కీర్తనల్లో నూట పంతొమ్మిదోది అన్నిటికంటే పొడుగైంది. అందులో ఎనిమిదేసి వచనాలకోసారి పైన ఓ చిన్న మాట ఉంటుంది. ఆలెఫ్, బేత్, గీమెల్... ఇలా. అంతకుముందు ఎన్నోసార్లు చదివేడు కానీ వాటిని దాటుకుంటూ పోయేవాడు. ఓ ఆదివారం పాస్టరుగారిని అడిగితే, అవి హెబ్రీ అక్షరాలు, మన అఆల్లాంటివే అని చెప్పి ఆయన వెళ్లిపోయేరు.

నతానియేలు మాత్రం బేత్ దగ్గర ఆగిపోయేడు. ఈ బేత్ ఎక్కడో విన్నదే. బేతేలు, బేత్లెహేము, బేతని, బేతెస్ద. పేరు వెనక పేరు వరసగా గుర్తొచ్చేయి. వెనక్కి తిప్పి యాకోబు కథ తీసేడు. రాయి తల కింద పెట్టుకుని పడుకున్న మనిషి, లేచి, ఇది దేవుడి ఇల్లే అని బెదిరి, ఆ చోటికి బేతేలని పేరు పెట్టేడు. అయితే బేత్ ఇల్లన్నమాట. మరి మిగిలిన ఏలు? దేవుడే కావాలి. అంతే, పల్లెలో మగాళ్ల పేర్లన్నీ చెవిలో మోగేయి. సమూయేలు, దానియేలు, గబ్రియేలు, నతానియేలు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ పేరుకి పలుకుతున్నాడు, అందులో దేవుడున్నాడని అతనికి తెలీదు.

లంకలో ఇంటికెళ్లేసరికి భార్య కాంతమ్మ చూరు కింద కూచుని కొబ్బరిపీచు తాడు పేనుతోంది. నా పేరులో దేవుడున్నాడని చెప్పేడు. ఆవిడ చెయ్యి ఆపకుండానే, మరి నా పేరులో ఏముందని అడిగింది. నీ పేరులో కాంతుంది, వెలుగు, అది మన భాషే, దానికి పుస్తకం అక్కర్లేదన్నాడు. ఆ రాత్రికి ఆవిడ చేపల పులుసు వండింది. ఆ వారంలోనే నతానియేలు రాజోలు వెళ్లి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, మొదటి పేజీలో రాసేడు: బేతేలు, దేవుని ఇల్లు.

ఒంటరిగా అయితే అతను ఎంతో దూరం వెళ్లలేకపోయేవాడు. మిషను ఆస్పత్రిలో పనిచేసిన దొరసాని ఒకావిడ ముసలితనంలో తన దేశం వెళ్లిపోతూ పుస్తకాలు పంచిపెట్టింది. అట్ట ఊడిపోయి, ఇటుకంత మందంగా ఉన్న బైబిలు నిఘంటువుని ఎవరూ ముట్టుకోలేదు. నతానియేలు తలకెత్తుకు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక గానీ అందులో ఒక్క తెలుగు ముక్క లేదని తోచలేదు. లాకు గట్టు మీద రోజూ సాయంత్రం షికారుకొచ్చే సోమేశ్వరరావు మాస్టారు అది చూసేరు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారాయన. సంస్కృతం ఇంట్లోంచే వచ్చింది. మాటలు ఎలా పుట్టేయో చెప్పమంటే భోజనం మర్చిపోయే రకం. ఆ పుస్తకం తిరగేసి, ఇది మహ గొప్ప గ్రంథమయ్యా అని లాకు దూలం మీద కూచున్నారు. ఆ కూచోవడం నాలుగేళ్లు కూచున్నారు.

మాస్టారు చదివి తెలుగు చెప్పేవారు, నతానియేలు రాసుకునేవాడు. అయితే మాస్టారి తెలుగు అతనికి ఒక్కోసారి ఇంగ్లీషంత దూరంగా ఉండేది. మిస్పా అనే ఊరి పేరుకి ఆయన 'నిరీక్షణ స్థానం' అని చెప్పేరు. నతానియేలు కలం ఆపి, అంటే ఏంటండీ అని అడిగేడు. ఎత్తుగా కట్టుకుని, దూరంగా ఎవరొస్తున్నారో చూసే చోటని ఆయన వివరించేరు. "మంచే అండీ?" అన్నాడు నతానియేలు. మాస్టారు పుస్తకం మీంచి తలెత్తి, "మంచేనయ్యా, మంచె అనే రాయి" అన్నారు. ఆ రోజు నుంచీ పుస్తకంలో కాలవగట్టు మీద తిరిగే మాటలే రాసేడు. ఏన్గెదీ, మేకపిల్ల ఊట. బెయేర్షెబా, ఒట్టు పెట్టుకున్న బావి. కిర్యత్యారీము, అడవుల ఊరు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లని ఉంది. అక్కడ రొట్టంటే తిండేనని మాస్టారు చెప్పగా, రొట్టె పక్కన అన్నం అని కూడా రాసుకున్నాడు.

బ్రాహ్మడై ఉండి లస్కరు పక్కన కూచుని కిరస్తానీ పుస్తకం చదవడమేమిటని అగ్రహారంలో ఒకరిద్దరు మాస్టార్ని అడిగేరట. నేను పాఠం చెప్పడానికి కాదు, నేర్చుకోడానికెళ్తున్నానని ఆయన జవాబిచ్చేరట. ఆ మాట చుట్టూ తిరిగి నతానియేలు చెవిన పడింది. మర్నాడు అతను ఆయన కూచునే దూలాన్ని గోనెపట్టాతో శుభ్రంగా తుడిచి ఉంచేడు.

డెబ్బై ఎనిమిదిలో అమలాపురంలో పెద్ద కిరస్తానీ సభలు జరిగేయి. పందిరి నిండా జనం. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడొకాయన, ప్రభువు ఆఖరి రాత్రి ప్రార్థన చేసుకున్న గెత్సేమనే గురించి గంటసేపు చెప్పి, గెత్సేమనే అంటే కన్నీటి తోట అని ముగించేరు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. ప్రశ్నలుంటే అడగొచ్చని మైకులో అన్నారు. వెనక వరసలో నతానియేలు లేచి నించున్నాడు. పక్కన కాంతమ్మ పంచె అంచు పట్టుకుని లాగింది. అయినా నించున్నాడు.

"తప్పుగా అనుకోకండి అయ్యగారూ. గెత్సేమనే అంటే నూనె గానుగండి. ఒలీవకాయలు ఆడించే చోటండి" అన్నాడు.

పందిట్లో కలకలం పుట్టింది. ప్రసంగీకుడు నవ్వుతూనే, మీరేం చదివేరని అడిగేరు. ఐదో తరగతండీ అన్నాడు. ఏం చేస్తుంటారన్నారు. లాకుల దగ్గర లస్కరునండీ అన్నాడు. ముందు వరసల్లో కొందరు నవ్వేరు. నతానియేలు మాత్రం కూచోలేదు. కూచుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందనుకున్నాడు.

అప్పుడు వేదిక మీద చివరి కుర్చీలోంచి ఒకాయన లేచేరు. పేరు మాణిక్యాలరావు. దూరాన వేదాంత కళాశాలలో పాస్టర్లకి హెబ్రీ భాష చెప్పే గురువుగారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. "ఆయన చెప్పిందే సరైంది. నూనె గానుగే" అన్నారు మైకు దగ్గరకొచ్చి. చెప్పి, వెళ్లి తన కుర్చీలో కూచున్నారు.

పందిట్లోనే కొబ్బరినూనె గానుగ నడిపే సాలమోను ఉన్నాడు. ప్రభువు ఆఖరి రాత్రి మోకరించింది తనలాంటి వాడి గానుగ దగ్గరని వినేసరికి ఆ మనిషి ముఖం చూడాల్సిందే. ఆ మర్నాడే గానుగశాల వాకిట్లో గెత్సేమనే అని సున్నంతో రాయించేడు.

మాణిక్యాలరావుగారు సభలయ్యేక తిన్నగా వెళ్లిపోలేదు. రిక్షా కట్టించుకుని లాకుల దగ్గరికొచ్చేరు. సభల నుంచి నతానియేలుతో వచ్చిన కాంతమ్మ లేత కొబ్బరిబొండాం కొట్టిచ్చింది. ఆయన వేపచెట్టు నీడలో మడతమంచం మీద కూచుని పుస్తకం మొదటి పేజీ నుంచీ చదవడం మొదలెట్టేరు. పడవొస్తే నతానియేలు వెళ్లి చక్రం తిప్పొచ్చేవాడు, వచ్చి మళ్లీ చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆయన చాలా పేజీలు గీత పెట్టకుండానే తిప్పేరు. కొన్నిచోట్ల పెన్సిలుతో చిన్న గీత పెట్టేరు. సాయంత్రానికి గీతలు ముప్పై నాలుగయ్యేయి.

యెరూషలేము దగ్గర నతానియేలు 'శాంతి నగరం' అని రాసుకున్నాడు, అందరు పాస్టర్లూ చెప్పే మాటే. గురువుగారు అదంత ఖాయం కాదన్నారు. షాలేము అన్నది పూర్వం వాళ్లు కొలిచిన ఓ దేవుడి పేరు కావొచ్చు, ఆ పేరు మీద వేసిన పునాది అని పండితులనుకుంటున్నారు, శాంతి అన్న అర్థం వెనకాల అతుక్కుంది అని చెప్పేరు. యెరికోకి చంద్రుడనీ అంటారు, సువాసననీ అంటారు, తేలలేదన్నారు. నజరేతుకి నతానియేలు తనంతట తనే ఏదో ఊహించి రాసేడు. గురువుగారు తల అడ్డంగా ఊపి, చిగురు అనే మాటలోంచి వచ్చిందని కొందరి అభిప్రాయం, నరికేసిన మొద్దు లోంచి లేచే చిగురు, కానీ దానికీ రుజువు లేదన్నారు. అరటిమొద్దు పక్కన లేచే పిలకలాంటిదా అండీ అని నతానియేలు అడిగితే ఆయన సంతోషంగా అవునన్నారు.

ముప్పై నాలుగు తప్పులు చూసుకుని నతానియేలు చిన్నబోయేడు. ఐదు వందల పైచిలుకు రాస్తే ముప్పై నాలుగేనా అని గురువుగారు అనుకుంటున్నారని అతనికి తెలీదు. ఆయన లేచి, పుస్తకం రెండు చేతుల్తోటీ తిరిగి ఇచ్చి చెప్పేరు:

"మా దగ్గర మూడేళ్లు చదివినవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా రాయరండీ నతానియేలుగారూ. ఒక్కటే మాట. తెలీని చోట తెలీదని రాయండి. అది రాయగలిగినవాడే పండితుడు."

గారు అని ఒక పెద్దచదువుల మనిషి నోటివెంట తన పేరు వినడం అతనికదే మొదలు. రిక్షా గట్టు మలుపు తిరిగేదాకా చూసి, రాత్రి ఇంటికెళ్లేక, నజరేతు పక్కన ఉన్నది కొట్టేసి రాసేడు: పిలక అంటారు. ఖాయంగా తెలియదు. ఆ 'తెలియదు' అన్న మాట రాసిన చేతిని కాంతమ్మ దీపం ముందు పట్టుకుని చూసింది, ఏదో కొత్త చెయ్యయినట్టు.

ఆ సభల తరవాత నతానియేలు మాట కోనసీమంతా పాకింది. కువైటూ మస్కటూ వెళ్లొచ్చినవాళ్లు డాబాలు కట్టుకుంటున్న కాలమది. గుమ్మం మీద పేరు చెక్కించాలంటే లాకుల దగ్గరికి బయల్దేరేవారు. కొత్తపేట వైపునుంచి ఎలీసమ్మ అనే ఆవిడ ఓ రోజు ఆటో దిగింది. కువైటులో ఒకరింట్లో ఏడేళ్లు వంటచేసి వచ్చిన మనిషి. ఇంటికి మారా అని పెట్టుకుంటానంది, ప్రసంగంలో విన్నానండీ, పిలవడానికి ముద్దుగా ఉందంది. నతానియేలు కంగారుపడి, మారా అంటే చేదమ్మా, తాగడానికి పనికిరాని నీళ్ల చోటది అని చెప్పేడు. ఆవిడ, అయితే అదీ సరైందేనండి అంది. ఆ ఏడేళ్లూ ఎలా గడిచేయని నతానియేలు మెల్లగా అడిగేడు. కొట్టుగదిలో, బియ్యం బస్తాలకీ గోడకీ మధ్య పడుకునేదాన్నండి, కాళ్లు చాపుకుంటే తలుపు తగిలేదండి అని చెప్పింది.

అతను పుస్తకం తెరిచి ఇస్సాకు బావుల కథ చెప్పేడు. మొదటి బావి తవ్వితే తగువొచ్చింది, దానికి తగువనే పేరు. రెండోదానికీ పగొచ్చింది, దానికి పగనే పేరు. అక్కణ్ణించి జరిగి మూడోది తవ్వితే ఎవరూ అడ్డం రాలేదు. ఇప్పుడు మనకి చోటు దొరికిందని దానికి రహెబోతు అన్నాడు. రహెబోతంటే ఎడం, కాళ్లు చాపుకునే చోటు. ఎలీసమ్మ ఆ మాట రెండుసార్లు అనుకుని, కాయితం మీద రాయించుకుని, కొంగున ముడేసుకుని వెళ్లింది. ఆ ఇల్లు ఇప్పటికీ అదే పేరుతో ఉంది.

అంతకు ముందు, డెబ్బై రెండులో తనకి కొడుకు పుట్టినప్పుడు కూడా నతానియేలు ఇలాగే ఆలోచించేడు. నతానియేలంటే దేవుడిచ్చినవాడని తేలింది కదా, తన పేరే కొడుక్కీ పెట్టుకోవాలనుకుని, తెలుగులో పెట్టేడు: వరప్రసాదం. తండ్రీ కొడుకులది ఒకటే పేరని అతను చెప్తే తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చింది. అప్పటిదాకా చూసిన వరదలు వేరు, అది వేరు. చింతల్లంక తెల్లారేసరికి లేదు. కొబ్బరిచెట్ల మొవ్వులు మాత్రం నీళ్ల మీద తేలుతున్నట్టు కనపడేవి. లంకలో నతానియేలు వాళ్ల పల్లె ఒక పక్కన ఉండేది, పడవలు తోసుకునేవాళ్ల వీధి ఇంకో పక్కన. రేవులు కూడా వేరే. ఆ వీధిలో పార్వతి అనే మనిషి, యాభై ఏళ్లుంటాయి, భర్త పోయినప్పటినుంచీ పడవ తనే తోసుకునేది. ఆ పొద్దున్న ఆవిడ పడవ ముందు పల్లె రేవుకే వెళ్లింది. ఏడుసార్లు తిరిగింది. కాంతమ్మ మూడో విడత పడవలో ఎక్కింది, చంకలో పుస్తకం గుడ్డలో చుట్టుకుని. నతానియేలు లాకుల దగ్గర డ్యూటీలో ఉన్నాడు, తలుపులకి కాపలా వదిలి రాలేకపోయేడు. రెండు రోజుల తరవాత గానీ భార్యా కొడుకూ బతికున్నారని తెలీలేదు.

ఏటిగట్టు దాటి, రోడ్డు పక్కన కాస్త ఎత్తుగా, మెరకగా ఉన్న బంజరు మీద అందరూ చేరేరు. నెలన్నర టార్పాలిన్ల కింద ఉన్నారు. ఒకే పొయ్యి మీద గంజి కాచుకున్నారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం అక్కడే నూటపది ఇళ్ల స్థలాలకి పట్టాలిచ్చింది. డెబ్బై ఐదు పల్లెవాళ్లకి, ముప్పై ఐదు పడవలవాళ్లకి.

అప్పుడే కొత్తగా మండలాలొచ్చిన రోజులు. ఎమ్మార్వోగారు వచ్చి, కాలనీకి పేరు రాసివ్వండి, వారం రోజుల్లో ఇవ్వకపోతే ఫైల్లో ఉన్న 'వరద బాధితుల కాలనీ, రెండు' అన్నదే ఉండిపోతుందని చెప్పేరు. పల్లెవాళ్లకి ఇది మామూలు సంగతి కాదు. లంకలో వాళ్ల చోటుకి రికార్డుల్లో ఉన్న పేరు కులం పేరు. ఆ మాట రాయడానికి ఏ గుమాస్తా వెనకాడలేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ప్రతి వాడికీ చిరునామా గడి దగ్గర మాత్రం కలం ఆగిపోయేది. వరదతో ఆ పేరూ పోయింది. కొత్తది తమ చేతిలో ఉంది.

అందరూ నతానియేలు దగ్గరికే వచ్చేరు. అతను ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. గిల్గాలు. బానిసత్వంలోంచి వచ్చినవాళ్లు ఏరు దాటి మొదట దిగిన చోటు అది. మీ మీదున్న అవమానాన్ని ఇవాళ దొర్లించేసేనని దేవుడు చెప్పేడని దానికా పేరు. గిల్గాలంటే దొర్లించడం. ఇది విన్న కుర్రకారు చప్పట్లు కొట్టేరు. ఏరు దాటి వచ్చిన వాళ్లకి అంతకన్నా తగిన పేరు ఇంకేముంది? పదిహేనేళ్లుగా పోగేసుకున్నదంతా ఈ ఒక్క పేరు కోసమేననిపించి నతానియేలు ఛాతీ పొంగింది.

మర్నాడు పార్వతి లాకుల దగ్గరికొచ్చింది. పడవ కట్టి, గట్టెక్కి, కొంగుతో ముఖం తుడుచుకుంది. గిల్గాలు అని తప్పుల్లేకుండా పలికింది. దారంతా పలుక్కుంటూ వచ్చినట్టుంది.

"పేరు బాగుందంటున్నారండి అన్నయ్యగారూ. మా వాళ్లకేం అడ్డం లేదండి, మీరు పెట్టేరంటే మంచిదే పెడతారు. ఒక్కటే అడుగుతానండి. దానర్థం మా ఆడాళ్లకి మీరున్నన్నాళ్లూ మీరు చెప్తారు. తరవాత ఎవరు చెప్తారండి?"

నతానియేలు ఆవిడ వెళ్లేక పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచీ చదివేడు. మేకపిల్ల ఊట. ఒట్టు బావి. నూనె గానుగ. మంచె. ఇవన్నీ తనకి పరాయి భాషలో దొరికిన నిధులనుకున్నాడు. కానీ ఆ ఊళ్లలో నీళ్లు తోడుకునే ఆడవాళ్లకి అవి వాళ్ల ఇంటిమాటలు. యాకోబు దేవుడి ఇల్లనుకున్నాడు, దేవుడి ఇల్లనే అన్నాడు. విన్నవాళ్లకి విన్నట్టే తెలిసింది. ఆ ఊళ్లలో ఎవరికీ నతానియేలుతో పనిపడలేదు. ఇది తట్టేసరికి అతనికి ముందు కష్టం వేసింది, కాసేపటికి నవ్వొచ్చింది.

ఆదివారం సాయంత్రం కాలనీ మధ్యలో అందరూ చేరేరు. ఎమ్మార్వోగారొచ్చేరు, సర్పంచి బాపిరాజుగారొచ్చేరు. బాపిరాజుగారు మంచి మనిషే, తగువులు తీర్చడంలో నేర్పరి. నతానియేలు లేచి, గిల్గాలు వద్దనుకుంటున్నానని చెప్పేసరికి కుర్రాళ్లు గొణుక్కున్నారు. బాపిరాజుగారు పుస్తకం అడిగి తీసుకుని, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి ముఖం వెలిగించుకున్నారు. రామా అని ఉంది, ఎత్తయిన చోటు అని రాసుంది. మీకు మీ బైబిలు పేరు, పడవలవాళ్లకి వాళ్ల రాముడి పేరు, పెట్టేయండి, ఇద్దరికీ సరిపోతుందన్నారు. జనంలో చాలామంది తల ఊపేరు. నతానియేలుకీ ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఒక హెబ్రీ పేరు, తన పుస్తకంలోని పేరు, రోడ్డు పక్కన బోర్డు మీద.

"వద్దండి. ఇవాళ ఇద్దరూ ఒప్పుకుంటారండి, రేపు మాదంటే మాదని తగువు పడతారండి. పేరు పెట్టేటప్పుడే ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకుండా పెట్టకూడదండి" అన్నాడు.

తరవాత పార్వతి వైపు తిరిగి, ఆ రోజు పడవలోంచి దింపుతూ జనంతో ఏమన్నావమ్మా అని అడిగేడు. ఆవిడ ఇబ్బందిగా లేచింది. "ఏమంటానండీ. మెరకెక్కండి, మెరకెక్కండి అన్నానండి" అంది.

కూచున్న ఆడవాళ్లలో ఒక కదలిక వచ్చింది. ఆ కేక వాళ్లందరూ విన్నదే. ఆ కేక పట్టుకునే పిల్లల్ని ఎత్తుకుని బురదలో పైకి ఎగబాకేరు. కాంతమ్మ కళ్లు తుడుచుకుంది. నతానియేలు ఎమ్మార్వోగారి వైపు తిరిగి, మెరకవరం అని రాసుకోండి అయ్యగారూ అన్నాడు.

బాపిరాజుగారు నవ్వేరు. మెరక బాగుందయ్యా, కాలనీకి వరమెందుకు, మెరకపేట అంటే చాలదా అన్నారు. ఆయన చెడుగా అనలేదు. అలవాటుగా అన్నారు. అందుకే నతానియేలు కూడా గొంతు పెంచలేదు.

"పేటంటే ఊరి చివర ఉండేదండి. మేమిప్పుడు ఏ ఊరికీ చివర లేమండి. రోడ్డు మీదున్నాం. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ పురాలూ వరాలేనండి. మాదీ ఊరేనండి."

ఎమ్మార్వోగారు కలం క్యాపు తీసి, ఫైల్లో పాతది కొట్టేసి, కొత్తది రాసేరు. రాసింది ఒకసారి పైకి చదవమని పార్వతి అడిగింది. ఆయన చదివేరు. మళ్లీ అడిగితే మళ్లీ చదివేరు. రెండోసారికి బాపిరాజుగారు కూడా గొంతు కలిపేరు.

సోమేశ్వరరావు మాస్టారు అప్పటికి రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. నతానియేలు ఆయనకి కార్డు రాసి జరిగింది చెప్పేడు. ఆయన జవాబులో ఒక్క వాక్యమే: నాలుగేళ్లు నేను చెప్పింది నీకు సరిగ్గానే ఎక్కిందయ్యా. మాణిక్యాలరావుగారి కళాశాల నుంచి మనిషి వచ్చి పుస్తకమంతా నకలు రాసుకుపోయేడు. లైబ్రరీలో పెట్టి, పైన రాసినవారి పేరు 'శ్రీ నతానియేలుగారు, లాకుల లస్కరు, మెరకవరం' అని వేసేరని తెలిసింది. లస్కరన్నది తీసేసి వేరే ఏదైనా వెయ్యమంటారా అని వాళ్లు ఉత్తరంలో అడిగితే, ఉండనివ్వండని రాసేడు.

ఎనభై తొమ్మిదిలో రోడ్డు వెడల్పు చేసేక అమలాపురం బస్సు అక్కడ ఆగడం మొదలెట్టింది. ఆ వారం నతానియేలూ కాంతమ్మా వరప్రసాదం కాలేజీ పని మీద అమలాపురం వెళ్లి బస్సులో తిరిగొస్తున్నారు. ముందు సీట్లో పార్వతి ఖాళీ చేపలగంప ఒళ్లో పెట్టుకుని కూచుంది. కండక్టరు కొత్తవాడు, ఆ ప్రాంతం వాడు కూడా కాదు. మలుపు తిరగ్గానే టికెట్ల పెట్టె మీద టకటకా కొట్టి, ఏ ఊరినైనా పిలిచే గొంతుతోనే పిలిచేడు.

"మెరకవరం, మెరకవరం. మెరకవరం వాళ్లు దిగాలండీ."

పార్వతి వెనక్కి తిరిగి నతానియేలు కేసి చూసింది. గంప చంకనెత్తుకుని, బస్సు పూర్తిగా ఆగేదాకా ఆగి, తలెత్తుకుని ముందుగా దిగింది. వెనకాలే పదకొండు మంది దిగేరు. నతానియేలు అందరి తరవాత, తొందర లేకుండా దిగేడు.